రెండు ముళ్ళ గార్మెంటు

ముప్ఫై ఎనిమిది అంగుళాల నడుముకు ముప్ఫై నాలుగు అంగుళాల గార్మెంటు తొడిగితే ఏమవుతుందో జూన్ పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం రెండూ ఇరవైకి తేలిపోయింది. అది ఎవరి తప్పో పందొమ్మిదో తేదీ ఉదయం పదకొండు గంటలకు తాను తేల్చేస్తానని నా పోటీ డిటెక్టివ్ అర్జునరావు ప్రకటించాడు. ఇప్పుడు పందొమ్మిదో తేదీ, టైము తొమ్మిదీ ఇరవై. అంటే నాకు మిగిలింది గంటా నలభై నిమిషాలు. నా స్థాయికి అది కాస్త ఎక్కువే.

నా పేరు అలేఖ్య. గోపాలపట్నంలో బేకరీ మేడ మీద నా డిటెక్టివ్ ఏజెన్సీ. ఉత్తరాంధ్రలో నన్ను మించిన డిటెక్టివ్ లేదు. ఈ మాట నేను అంటున్నది కాదు, కూర్మన్నపాలెంలో మా అమ్మ అంటుంది. ఆవిడ ఊరికే ఎవరినీ పొగడదు. స్టీల్ ప్లాంటులో పాతికేళ్ళు క్రేను నడిపిన మా నాన్నను ఇంతవరకు ఒక్కసారి కూడా పొగడలేదు.

ఆ ఉదయం ఏడింటికి కాసులమ్మ నా ఆఫీసుకు వచ్చింది. ఒక చేతిలో పేపరులో చుట్టిన వంజరం చేప. అదే ఫీజు. మామూలుగా నా దగ్గరికి వచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చోగానే ఏడుస్తారు. ఈవిడ కూర్చోగానే నా జాకెట్టు చంక దగ్గర లాగుతోందని చెప్పి, టైలర్ ఎవరని అడిగింది. ఆ తర్వాత, ఈ రోజు పదకొండింటికి తన మీద పోలీసులకు ఫిర్యాదు వెళ్తుందని చెప్పింది.

"జైలుకి ఎల్లమంటే ఎల్తాను పాపా, దానికి భయం నేదు. నా కుట్టు తప్పంటే మాత్రం ఒప్పుకోను. రెండొందల ముప్ఫై మందికి కుట్నాను. బిగిసిందని గానీ జారిందని గానీ ఒక్కరొచ్చి సెప్పలేదు."

యాభై ఏళ్ళ జాలరి మనిషి. హార్బరు దగ్గర వాళ్ళాయన దాలయ్య వలలు బాగుచేస్తాడు, ఈవిడ ఇంట్లో మిషను కుడుతుంది. ఆరేళ్ళ కిందట డాక్టర్ మోహనకృష్ణ కాస్మెటిక్ క్లినిక్ వాళ్ళు బొంబాయి గార్మెంటు ఒకటి పంపి, కాస్త సరిచేసి ఇమ్మన్నారు. ఈవిడ దాన్ని పూర్తిగా విప్పేసి, అలాంటిదే ఇంకోటి కొత్తగా కుట్టి పంపింది. ఆ రోజు నుంచి బొంబాయి పెట్టెలు క్లినిక్‌లో బొద్దింకలు కాపురాలు పెట్టుకోవడానికి పనికొస్తున్నాయి.

ఒంట్లో కొవ్వు తీయించుకున్నవాళ్ళు కొన్ని వారాల పాటు పగలూ రాత్రీ వేసుకునే సాగే తొడుగు ఇది. నా స్కూటీ వెనక కూర్చుని దారి పొడవునా కాసులమ్మ నాకు దాన్ని ఎంచుకోవడం ఎలాగో పాఠం చెప్పింది. పెట్టె మీద అక్షరం చూసి కొనుక్కునేవాళ్ళంటే ఆవిడకు జాలి. కొలత మూడుసార్లు తీయాలి, నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి. ఆపరేషనైన కొత్తలో ఒళ్ళు వాస్తుంది కాబట్టి మొదటి గార్మెంటు కాస్త వదులుగా ఉండాలి. మూడు వారాలకు వాపు తీశాక రెండోది, బిగువుది. ఊపిరి పీల్చినా అంచు కింద రెండు వేళ్ళు దూరాలి. ఎక్కడా మడత పడకూడదు, పడితే ఆ గీత ఒంటి మీద అచ్చు పడుతుంది. జిప్పు పక్కకు ఉండాలి, అది ఒరుసుకోకుండా కింద మందపాటి కాటన్ పట్టీ ఉండాలి. రెండు లారీల మధ్య నుంచి నేను బండి తీస్తున్నప్పుడు కూడా పాఠం ఆగలేదు. ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికి నాకు డాక్టరేట్ వచ్చేసింది.

జరిగిందేమిటో కూడా ఆవిడే చెప్పింది. పేషెంటు పేరు శ్రీసత్య, డ్యాన్సు స్కూలు నడుపుతుంది. ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్ళీ స్టేజీ ఎక్కాలని పొట్ట దగ్గర కొవ్వు తీయించుకుంది. ఆపరేషన్ జూన్ పద్నాలుగున, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా. పూర్తి మత్తు కాదు, పొట్ట ఒక్కటీ మొద్దుబారేలా ఇంజెక్షన్లు ఇచ్చి చేశారు. కాసులమ్మ ముందే రెండు గార్మెంట్లూ కుట్టి ఇచ్చింది, ముప్ఫై ఎనిమిది ఒకటి, ముప్ఫై నాలుగు ఒకటి. వాటికి గుడ్డ లేబుళ్ళు, వాటి మీద నర్సు రాసిన ఒకటి, రెండు అంకెలు. మూడు రోజులు అంతా సవ్యంగా గడిచింది. పదిహేడో తేదీ సాయంత్రం నాలుగింటికి కాసులమ్మ చిన్న చేతి మిషను పట్టుకెళ్ళి, నీళ్ళకు మొదటిదాని లేబుల్ చెరిగిపోతే రెండింటివీ తీసేసి, నర్సు రాసిచ్చిన కొత్తవి కుట్టి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం శ్రీసత్య ఊపిరి ఆడక పడిపోయింది. నడుము దగ్గర బిగువుకు కాలిలో గడ్డకట్టిన రక్తం పైకెక్కిందని పెద్దాసుపత్రి ఐసీయూలో పెట్టారు. ఒంటి మీది గార్మెంటు విప్పి చూస్తే లేబులేమో ఒకటి, కొలతేమో ముప్ఫై నాలుగు.

లేబుళ్ళు చివరిసారి ముట్టుకున్నది కాసులమ్మ. ఆవిడకు చదువు రాదు. అర్జునరావుకు ఇంతకంటే ఆలోచించాల్సిన అవసరం కనపడలేదు.

శ్రీసత్య గురించి చెబుతున్నప్పుడు మాత్రం కాసులమ్మ గొంతు మెత్తబడింది. లేబుళ్ళు కుడుతున్నంతసేపూ ఆ అమ్మాయి తన డాక్టరు గురించి ఒకటే గొప్పలట. పక్కన డ్రెస్సింగు ట్రే పట్టుకుని నిలబడ్డతను కూడా వింటున్నాడట.

"సంతకం కుడి సేత్తో ఎడతాడంట, ఆపరేషను ఎడం సేత్తో సేస్తాడంట. తెర సందులోంచి సూసినాదంట. మా డాక్టరు బావుకి రెండు సేతులూ సమానం అన్నాది. ఎంత గొప్ప సేతులమ్మా అనీసి నాను దండం ఎట్టినాను."

నేను కూడా మనసులోనే దండం పెట్టుకున్నాను. లారీ ఎదురొచ్చింది కాబట్టి చేతులతో కుదరలేదు.

క్లినిక్ రిసెప్షన్‌లో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, గోడ మీది గడియారం పళ్ళు టకటకలాడిస్తూ నడుస్తోంది. దాని పక్కన కొత్త ఫ్రేము, వార్నిష్ వాసన ఇంకా పోలేదు. లోపల పదిహేనో తేదీ పేపరు కటింగు. నిన్న ఉదయం పదకొండు గంటలకు ఒక నగల దుకాణాన్ని ప్రారంభించిన ప్రముఖ వైద్యుడు, అని కింద రాసి ఉంది. పైన డాక్టర్ మోహనకృష్ణ, చేతిలో కత్తెర, ముఖాన పెళ్ళికొడుకు నవ్వు. నాలుగు రోజుల్లో ఫ్రేము కట్టించి మేకు కొట్టించిన ఆ క్లినిక్ చురుకుదనానికి నేను ముచ్చటపడ్డాను. ముచ్చటపడి ముందుకు వెళ్ళిపోయాను. ఉత్తరాంధ్రలో నన్ను మించిన డిటెక్టివ్ లేదని చెప్పాను కదా, ఆ గంటన్నర మాత్రం ఎవరైనా నన్ను మించగలిగేవారు.

నర్సు దేవికి ఇరవై రెండేళ్ళు ఉంటాయి. కళ్ళు వాచి ఉన్నాయి. శ్రీసత్యకు ఆ గార్మెంటు తొడిగింది తనే. నేను ఆమెను తిట్టడానికి రాలేదని నమ్మించడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత టైముల ప్రకారం చెప్పుకొచ్చింది. పద్దెనిమిదో తేదీ ఉదయం ఏడూ పదికి గార్మెంటు విప్పి, ఒళ్ళు తుడిచి, పొట్టకు ఎలాస్టిక్ కట్టు కట్టింది. ఆయా పోతమ్మ గార్మెంటు ఉతికి వెనక బాల్కనీలో దండెం మీద వేసింది. తొమ్మిదీ పదికి దేవి వెళ్ళి తీసుకుంది. లేబుల్ చూసింది, ఒకటి అనే ఉంది. తొడుగుతుంటే చాలా బిగువుగా ఉంది, జిప్పు వేయడానికి పోతమ్మ సాయం పట్టాల్సి వచ్చింది. ఉతికితే గుడ్డ ముడుచుకుపోయిందేమో అనుకున్నారు. శ్రీసత్య నొప్పంటే, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ ఉమామహేష్ వచ్చి చూసి, ఎంత బిగువుంటే అంత మంచిదని ధైర్యం చెప్పాడు.

అతన్ని పిలవమన్నాను. దేవి తల అడ్డంగా తిప్పింది.

"అన్నయ్య ఇక్కడ లేడు మేడం. నిన్న అంబులెన్సులో తనే ఎల్లాడు. అప్పట్నుంచీ ఐసీయూ దగ్గరే ఉన్నాడు. ఇంటికి కూడా ఎల్లలేదు. అలాటి మనిషి ఇంకొకడు ఉండడు."

ఆ మాట అంటుంటే ఆమె మొహంలో క్లినిక్ మొత్తానికి సరిపడా గర్వం కనిపించింది. నేను ఇంకో ప్రశ్న వేశాను. దండెం మీద నుంచి తీసేటప్పుడు గార్మెంటు తడిగా ఉందా అని.

లేదంది. పూర్తిగా పొడిగా ఉందంది. జిప్పు కింద పట్టీతో సహా.

నేను కాసులమ్మ వైపు చూశాను. కాసులమ్మ దేవి వైపు, ఉడకని అన్నం వడ్డించిన మనిషిని చూసినట్టు చూసింది.

విశాఖపట్నంలో జూన్ నెలలో బట్టలు ఆరుతాయన్నది ఒక పుకారు. సముద్రం మీంచి వచ్చే గాలికి మా ఇంట్లో అప్పడాలు డబ్బాలో ఉండగానే మెత్తబడతాయి. ఒకసారి మా నాన్న యూనిఫాం ఆదివారం ఉతికితే అది ఆరేలోపు ఆయనకు ప్రమోషన్ వచ్చింది. సాగే గుడ్డ ఆరొచ్చు, పలుచన కాబట్టి. నాలుగు పొరల కాటన్ పట్టీ రెండు గంటల్లో ఆరదు. మధ్యాహ్నం దాకా ఆరదని కాసులమ్మ అంది. ముందు మూడు రోజులూ పట్టీ తడిగా ఉంటే ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టానని అప్పుడు దేవికే గుర్తొచ్చింది.

అంటే దేవి దండెం మీద నుంచి తీసింది పోతమ్మ ఉతికింది కాదు.

బాల్కనీ చూడటానికి వెళ్ళాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఒక దండెం, నాలుగు క్లిప్పులు, ఒక బకెట్టు. రెండు తలుపులు. ఒకటి శ్రీసత్య గదిలోకి, రెండోది ఆపరేషన్ థియేటర్ వెనక వైపుకు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా ఈ అంతస్తులో ఉండేది ముగ్గురే, దేవి, పోతమ్మ, ఉమామహేష్. డాక్టరు పదింటికి గానీ రాడు. ఆ ముగ్గురి పేర్లూ నోట్‌బుక్కులో రాసుకుని గదిలోకి తిరిగొచ్చాను.

గదిలోకి ముందు ఒక మీసం వచ్చింది. కాసేపటికి దాని వెనకాల అర్జునరావు వచ్చాడు. రిటైర్డు సర్కిల్ ఇన్‌స్పెక్టరు. మధురవాడలో అద్దాల తలుపుల డిటెక్టివ్ ఏజెన్సీ. డ్యూటీలో ఉండగా ఆయన ఎంతోమంది దొంగల్ని పట్టుకున్నాడంటారు. దొంగలు కూడా మీసం చూడటానికి ఆగి దొరికిపోయి ఉంటారని నా అనుమానం. క్లినిక్ తరఫున కేసు ఆయనది. ఆయన చేతిలో టైపు చేసిన ఫిర్యాదు ఉంది. డాక్టరు సంతకం ఒక్కటే తక్కువ.

"ఏటమ్మా అలేఖ్యా, బేకరీలో పఫ్‌లు అయిపోయాయా, ఇటొచ్చావు."

"మీరు కేసు తేల్చేశారని తెలిసిందంకుల్. నేర్చుకుందామని వచ్చాను."

అంకుల్ అంటే ఆయనకు నచ్చదు. అందుకే అంటాను. ఆయన నా వైపు చూడకుండా కాసులమ్మకు తన సిద్ధాంతం వివరించాడు. గట్టిగా, నెమ్మదిగా, చదువు రానివాళ్ళకు చెవులు కూడా సరిగా పనిచేయవన్నట్టుగా. ఆవిడకు ఒకటికీ రెండుకూ తేడా తెలియదు. లేబుళ్ళు తారుమారు చేసి కుట్టింది. కావాలని చేయలేదు, పాపం. కానీ ఒక ఆడమనిషి చావుబతుకుల్లో ఉంది. ఇకపై ఆవిడ ఎవరికీ గార్మెంటు కుట్టకుండా చూడటం ఆయన బాధ్యత.

కాసులమ్మ కొంగు బిగించి నడుముకు దోపింది.

"బావూ, ఫోనులో నీ నంబరు సెప్పు, నొక్కుతాను. పది అంకెలూ నొక్కుతాను. ఒకటీ రెండూ నాకు తెలీకపోడానికి నానేటి పసిపిల్లనా."

అర్జునరావు నంబరు చెప్పలేదు. నేను అల్మారా తెరవమని దేవిని అడిగాను. రెండో గార్మెంటు, అంటే మూడు వారాల తర్వాత వేసుకోవాల్సింది, అందులో పాలిథిన్ కవరులో ఉంది. లేబుల్ మీద రెండు అని ఉంది. ఇచ్చిన రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదని, పదిహేడో తేదీ సాయంత్రం లేబుల్ మార్చడానికి తీసి మళ్ళీ లోపల పెట్టేశారని అర్జునరావే చెప్పాడు. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుని, కవరు విప్పి ఆయన మీసం కింద పెట్టాను.

ఆ వాసన వర్షాకాలంలో మూడు రోజులు బకెట్లో మర్చిపోయిన తువ్వాలుది. మీసం రెండు అంగుళాలు వెనక్కి తగ్గింది.

"ఎవరూ వేసుకోని, ఎవరూ ఉతకని గార్మెంటు తడి కంపు కొడుతోందంకుల్. దీన్ని తడిగా ఉండగానే కవర్లో పెట్టేశారు. జిప్పు కింది హుక్కులు చూడండి. మూడు వరసలు. బయటి వరస వదులుగా సాగిపోయింది, లోపలి రెండు వరసలూ కొత్తగా ఉన్నాయి. మొదటి వారం వేసుకునేది బయటి వరసకే. శ్రీసత్య మూడు రోజులు వేసుకున్నది ఇదే."

కొలిచాను. ముప్ఫై ఎనిమిది. పోలీసులకు ఇవ్వడానికి అర్జునరావు సంచిలో పెట్టుకున్న గార్మెంటు తీయించి కొలిచాను. ముప్ఫై నాలుగు. దాని హుక్కుల మీద కొత్త మెరుపు కూడా పోలేదు. బయటి వరసలో రెండు హుక్కులు మాత్రం వంగిపోయి ఉన్నాయి.

అర్జునరావు తడుముకోలేదు, అది ఒప్పుకోవాలి. పదిహేడో తేదీ సాయంత్రం కాసులమ్మే లేబుళ్ళు మార్చి కుట్టింది, మర్నాడు తడిసిన గార్మెంటును పోతమ్మ పొరపాటున అల్మారాలో పెట్టింది, అంతే అన్నాడు. అల్మారాలో ఉన్న గార్మెంటు తనంతట తాను దండెం మీదకు నడిచి వచ్చిందా అని అడిగాను. వయసులో పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదన్నాడు.

అప్పుడు కాసులమ్మ ముందుకొచ్చింది. తన గార్మెంట్లు తన చేతికి ఇవ్వమంది.

"లేబుళ్ళు మీ సదువుకున్నోళ్ళ కోసం ఏసినయ్యి బావూ. నా గుర్తు నాకుంటాది."

వలలకు గుర్తులు ఉంటాయట. రేవులో పది ఇళ్ళ వలలు ఒక్కచోట ఆరేస్తే ఎవరిది వాళ్ళు చీకట్లో కూడా చేత్తో తడిమి తీసుకోవాలి. అందుకని మూలకు ముళ్ళు వేస్తారు. కాసులమ్మ కూడా అంతే. జిప్పు చివర, పట్టీ లోపల, వల దారంతో ముడి. మొదటి గార్మెంటుకు ఒకటి, రెండోదానికి రెండు. ఆరేళ్ళుగా వేస్తోంది, ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

నేను దేవి చున్నీతో కాసులమ్మ కళ్ళకు గంతలు కట్టి, గార్మెంట్లు రెండూ నాలుగుసార్లు అటూ ఇటూ మార్చి ఇచ్చాను. పట్టీలోకి వేలు దూర్చి, కూరగాయలు ఏరినంత తీరిగ్గా చెప్పింది, ఇది పెద్దది, ఇది చిన్నది అని. ఐదోసారి అర్జునరావే మార్చి ఇచ్చాడు. ఆరోసారి ఆయన మోసం చేసి రెండుసార్లూ ఒకటే ఇచ్చాడు. "ఇదే గదా బావూ ఇందాకా ఇచ్చినావు" అంది కాసులమ్మ గంతల కిందనుంచి. ముళ్ళూ కొలతలూ కలిశాయి. కలవనివి లేబుళ్ళే.

గంతలు విప్పగానే ఆవిడ లేబుల్ మీద వేలు పెట్టి ఆగిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది. రెండోది కూడా చూసింది. తిరిగొచ్చినప్పుడు ఆవిడ మొహంలో కోపం లేదు. అంతకంటే పెద్దదేదో ఉంది.

"ఇది నా కుట్టు కాదు. నాను తెల్ల నైలాను దారంతో మిషను కుట్టు ఏసినాను. ఇది సేతి కుట్టు. నల్ల దారం. నాలుగు మూలలా నాలుగు ముళ్ళు, రెండు సుట్లు ఒకపాలి, ఒక సుట్టు ఇంకోపాలి. ఇలాటి ముడి టైలర్లు ఎయ్యరు, మాం కూడా ఎయ్యం."

దేవి వంగి చూసింది. అది ఆపరేషన్‌లో కుట్లు వేసే పట్టుదారమని, ముడి కూడా అక్కడ వేసేదేనని చెప్పింది.

టైము పదీ నలభై. ఆ మాట అర్జునరావు రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ తర్వాత నా వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. లేబుళ్ళు మార్చింది థియేటర్‌లో పనిచేసే మనిషన్నమాట. దేవి, ఉమామహేష్, డాక్టరు. చేతి కుట్టు ఎవరైనా వేయొచ్చు, ఈ ముగ్గురిలో ఎవరని ఎలా తేలుస్తావని అడిగాడు. వెటకారం తగ్గింది. మీసం కూడా కాస్త కిందికి వాలినట్టు నాకు అనిపించింది, కానీ కోర్టులో ప్రమాణం చేసి చెప్పలేను.

జవాబు నా దగ్గర లేదు. కాసులమ్మ దగ్గర ఉంది. ఆవిడ ఇంకా ముడినే చూస్తోంది.

"ఇది ఎదురు తిరిగున్నాది."

వివరంగా చెప్పమన్నాను. వల బాగుచేయడానికి నలుగురు కూర్చుంటే, వాళ్ళలో ఎడం చేతి వాటం మనిషి ఉంటే, అతనికి వేరే వల ఇస్తారట. ఒకే వలకు ఇద్దర్నీ కూర్చోబెట్టరు. కుడి చేతి ముడి ఒక వైపు తిరిగితే ఎడం చేతి ముడి ఎదురు తిరుగుతుంది. రెండూ కలిస్తే వల లాగినప్పుడు కన్ను పక్కకు పోతుంది. దాలయ్యది ఎడం చెయ్యి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన వేసిన ముళ్ళు ఆవిడ చూస్తూనే ఉంది.

"మా ఆయన ముడి ఇలాగే ఉంటాది పాపా. ఇది ఎడం సేతోడు కట్టినాడు."

సరిగ్గా అప్పుడే డాక్టర్ మోహనకృష్ణ లోపలికి వచ్చాడు. తెల్ల కోటు, సెంటు వాసన, కాస్త తొందర. కాసులమ్మకు నమస్కారం కూడా పెట్టాడు, మంచివాడే. ఇవన్నీ తనకెంతో బాధగా ఉన్నాయని, క్లినిక్ పేరు కాపాడుకోక తప్పదని చెప్పి, ఫిర్యాదు కాగితం అందుకుని, జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పాడు. కుడి చేత్తో.

ఒక నిమిషం ఆగమన్నాను. ఆయన ఎడం చేత్తో కూడా రాయగలరా అని అడిగాను.

ఆయనకు అర్థం కాలేదు. తన ఎడం చెయ్యి కాఫీ కప్పు పట్టుకోవడానికి తప్ప పనికిరాదని నవ్వాడు.

స్కూటీ మీద పెట్టకుండా మిగిలిపోయిన దండం అప్పుడు నాకు గుర్తొచ్చింది. దాని వెనకాలే వార్నిష్ వాసన గుర్తొచ్చింది. రిసెప్షన్‌కు వెళ్ళి ఆ ఫ్రేమును మేకు నుంచి ఊడదీసి తెచ్చి బల్ల మీద, రెండు గార్మెంట్ల మధ్య పెట్టాను.

"పద్నాలుగో తేదీ పదకొండు గంటలకు మీరు నగల షాపులో ఉన్నారు డాక్టరుగారూ. కత్తెర కూడా కుడి చేతిలోనే ఉంది. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా శ్రీసత్య మీ థియేటర్‌లో బల్ల మీద ఉంది. మెలకువగా ఉంది. ఎడం చేత్తో తనకు ఆపరేషన్ చేస్తున్న మనిషిని తెర సందులోంచి చూసింది. మాస్కులో అది మీరే అనుకుంది. మీకు రెండు చేతులూ సమానమని కాసులమ్మత్తతో గొప్పగా చెప్పుకుంది."

డాక్టరు ఫ్రేములో తన నవ్వు వైపు చూశాడు. ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది. ఈయనదే పోయింది. మొదటి ఇంజెక్షన్లు ఇచ్చి తనే మొదలుపెట్టానని, గంటలో వచ్చేస్తాననుకున్నానని, అతను ఎనిమిదేళ్ళుగా పక్కనే ఉండి చూస్తున్నాడని, అతని చెయ్యి తనకంటే నిలకడైనదని ఒక్కో మాటా బల్లకు చెప్పాడు. చివరిది చెప్పేటప్పుడు కూడా గొంతులో కాస్త గర్వం ఉంది, తన శిష్యుడి మీద. పెన్ను మూత పెట్టడం మర్చిపోయాడు.

దేవి చెయ్యి తగిలి బల్ల మీది డ్రెస్సింగు ట్రే కింద పడింది. పదిహేడో తేదీ సాయంత్రం ఆ ట్రే పట్టుకుని శ్రీసత్య మాటలు విన్నది ఎవరో ఇప్పుడు గదిలో అందరికీ తెలుసు. అయినా ఆమె చెప్పింది.

"ఉమామహేష్ అన్నయ్యది ఎడం చెయ్యి."

అర్జునరావు ఫిర్యాదు కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి, ముక్కలు పారేయకుండా జేబులో పెట్టుకున్నాడు. కాసులమ్మ ఎదుటికొచ్చి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరికీ చెప్పని మాట కాబట్టి నోరు తిరగడానికి టైము పట్టింది.

"తప్పు నాదే అమ్మా. నీ కుట్టుది కాదు."

"నాకు తెల్సు బావూ" అంది కాసులమ్మ.

ఆయన సెల్‌ఫోన్ లాక్కుని పెద్దాసుపత్రి ఐసీయూకు చేశాను. సిస్టర్ ఎవరో ఎత్తింది. మంచి వార్తే చెప్పింది. శ్రీసత్యకు పదిన్నరకు తెలివొచ్చింది, మాట్లాడుతోంది, డాక్టరుగారు ఎక్కడున్నారని అడిగిందట. మీ క్లినిక్ మనిషి ఎంత సంతోషించాడో అంది. ఇప్పుడే లోపలికి వెళ్ళాడట. డాక్టరుగారు పంపారని చెప్పి కొత్త గార్మెంటు తెచ్చాడట, తొడగడానికి కర్టెన్ వేయించుకున్నాడట. కర్టెన్ తీయమని, అతన్ని బయటికి పంపమని అరిచాను. సిస్టర్‌కు వినపడిందో లేదో తెలియదు, లైను కట్టయింది.

అర్జునరావు పరిగెత్తాడు. ఆ రోజు మొట్టమొదటిసారి మీసం కంటే ఆయనే ముందున్నాడు. నేను స్కూటీ తాళం కోసం బ్యాగు తడుముతున్నాను. కాసులమ్మ మాత్రం కదల్లేదు. బల్ల మీది గార్మెంట్లు రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, మడత పడకుండా అరచేత్తో సర్దింది. పట్టీల్లోకి వేలు దూర్చి ముళ్ళు ఇంకోసారి లెక్కపెట్టుకుంది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది.

"ఆ అమ్మకి నాను కుట్టినవి రెండే పాపా. రెండూ ఇక్కడే ఉన్నాయి. మరి ఆడు తెరెనకాల తొడుగుతన్నది ఏటి?"